ఇరుకుపాయలో దారి కొమ్మలు

ఇరుకుపాయ పేరెత్తితే మా ఊళ్ళో వాగుడుకాయలు కూడా నోరు మూసుకుంటారు. సరస్సు నడుమ రెండు రాతి దీవులు దగ్గరికొచ్చే చోటది. అక్కడ నీరు పరుగెడుతూ మంచుగడ్డను కిందినుంచి తినేస్తుంటుంది. ఈ సరస్సు కింద ఇంకో సరస్సు ఉందని, పోయినవాళ్ళు అందులో మన పాదాలకు పాదాలు ఆనించి తలకిందులుగా తిరుగుతారని పెద్దలు చెబుతారు.

మా ఊరి ఎల్లే అనే ఆవిడ భర్త యోవ్నా పోయినేడు అక్కడే మునిగిపోయాడు. సరస్సు గడ్డకట్టగానే దారి తెలిసేలా మంచులో దేవదారు కొమ్మలు పాతడం అతని పని. ఎప్పుడూ ఆలస్యమే. "కొమ్మలెప్పుడు పాతుతావయ్యా, మంచు కరిగాకా?" అని ఎల్లేనే సాధించి పంపింది. శవమైనా దొరకలేదు. ఆ మాట మాత్రం ఏడాదిగా ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఈ ఏడు ఆ పని పక్కింటి ముసలి పియేరా చేపట్టాడు.

ఉత్తర ధ్రువానికి దగ్గరి మా ఊళ్ళో ఆ చలికాలం సూర్యుడు మొహం చాటేసి నెల దాటింది. ఒకనాటి మధ్యాహ్నం... మధ్యాహ్నమైనా చీకటే... వలలో పడ్డ చేపలను మంచు మీద జారే చెక్కబండిలో లాక్కుంటూ ఎల్లే ఒంటరిగా ఇంటికొస్తోంది. ఉన్నట్టుండి మంచుగాలి లేచింది. దారి కనబడకుండా పోయింది.

కాళ్ళ కింద గడ్డ కిర్రుమంది. ఆ కింద... నీళ్ళు పారుతున్న చప్పుడు.

ఇరుకుపాయ!

కదిలితే మునక. నిలబడితే చలికి చావు. పిలిస్తే పలికే మనిషి లేడు.

తడుముతున్న చేతికి ఏదో తగిలింది. మోకాలెత్తు పుల్ల. ఆకు లేదు, మోడు. నాలుగడుగుల అవతల మరొకటి... ఆ తర్వాత ఇంకొకటి...

"పియేరా బాబాయ్ చల్లగా ఉండాలి," అనుకుంటూ వాటి వెంటే ఒడ్డు చేరింది. నేరుగా వెళ్ళి ఆయన తలుపు తట్టింది.

"నేను దీవుల చుట్టూ తిరిగే దారిన పాతానే పిల్లా!" అన్నాడు పియేరా. "ఇరుకుపాయలో పాతడానికి నాకేమన్నా పిచ్చా?"

గాలి ఆగాక ఇద్దరూ లాంతరు పట్టుకుని వెళ్ళారు. పుల్లలు వరసగా నిలబడే ఉన్నాయి. పియేరా ఒకదాన్ని పట్టుకు లాగాడు... రాలేదు. మంచుపొడి తుడిచి లాంతరు కిందికి వంచాడు.

గాజులా ఉంది గడ్డ. పైకి పొడుచుకొచ్చింది గొడ్డలితో నరికిన మొదలు. పచ్చటి సూదాకులన్నీ కిందికి — నీళ్ళలోకి — వేలాడుతున్నాయి. ఎవరో కిందినుంచి పైకి పాతినట్టు...

ఒక్కటి కాదు. అన్నీ అంతే.

ఎల్లే చేతి తొడుగు తీసి, అరచెయ్యి మంచుకు ఆనించింది. ఏడాదిలో తొలిసారి ఆమెకు ఏడుపొచ్చింది.

"ఈసారి... నేను చెప్పకుండానే పాతాడు బాబాయ్," అంది గుసగుసగా.

పియేరా ఆ రోజు ఒడ్డుదాకా మునివేళ్ళ మీదే నడిచాడట... కింద ఎవరి పాదాలు తొక్కుతానోనని.