పంపు గదిలో పంతం

…జాలి అయితే సహించకూడదు, అనుకుంది ఆమె. ప్రేమైతే ఏం చేయాలో తెలియదు కాబట్టి ఆ సంగతి తర్వాత. ముందు, తనకి పని నేర్పిన ఈ ట్రైనర్‌కి పైపు మీద కూర్చుని కట్టిన షూ లేసే మళ్లీ కట్టుకునే పని ఎందుకొచ్చినట్టు?

పంపు గదిలో కంపెనీ ఆఫీసర్ గాజు గొట్టాన్ని వెలుతురుకెత్తి చూస్తున్నాడు. అందులోని కొళాయి నీళ్లు మందు చుక్క పడగానే గులాబీ రంగుకి తిరిగాయి. క్లోరిన్ సరిపడా ఉన్నట్టే.

"పాసయ్యావమ్మా! ఇక ఈ మంచినీళ్ల ప్లాంటు మీ కొండవాళ్లదే. మా ఆపరేటర్ టౌనుకి వచ్చేస్తాడు."

గుమ్మం దగ్గర ఆమెతో పాటు పని నేర్చుకున్న కుర్రకారు ఈలలు వేశారు. ఆమె మాత్రం గొట్టం వైపే చూసింది. ఆ రంగు రాకూడదు. నిన్న సాయంత్రం క్లోరిన్ డోసు తగ్గించింది తనే. "మందు కంపు" అని అమ్మమ్మ బిందె ఎత్తుకుని వాగుకి బయల్దేరితే, ముసలివాళ్లంతా ఆవిడ వెనకే నడిస్తే, చూడలేక మీట తిప్పేసింది.

తర్వాత ఎవరో పెంచారు. ఎవరో ఏమిటి, లేసు కట్టుకుంటున్నాడుగా!

"సార్, మీట ముట్టుకున్నారా?"

"ఏ మీట?" అన్నాడు ట్రైనర్.

"చెవులు ఎర్రబడ్డాయి మీకు."

"ఎండకి."

"గదిలో ఎండా?"

ఊరుకోవచ్చు. ఊరుకుంటే ప్లాంటు తమదే. కానీ రేపు మిషను దగ్గినప్పుడల్లా తన కళ్లు ఇతని చెయ్యి కోసం వెతుకుతాయి. నేర్చుకుని తీసుకున్నది కాస్తా ఒకరు జాలిపడి పెట్టింది అయిపోతుంది.

"నిన్న నేను తగ్గించాను. పొద్దున ఈయన పెంచారు," అంది ఆఫీసర్‌తో. "ఆ పాసు నాకొద్దు."

"అయితే మా ఆపరేటరే ఉంటాడు. ఆలోచించుకో."

"ఉండడు. డోసు లెక్క మొదట్నుంచీ నేనే కడతాను. సాయంత్రం మళ్లీ చూడండి. అప్పటిదాకా ఇక్కడే కూర్చోండి. ఈయన్ని మాత్రం బయటికి పంపండి."

"నేనేం చేశాను?" అన్నాడు ట్రైనర్.

"చేశారు కాబట్టే!"

ఆఫీసర్ నవ్వాపుకుంటూ కుర్చీ లాక్కున్నాడు.

నీటి వేగం బకెట్‌తో కొలిచింది. మందు కలిపింది, మీట సరిచేసింది. తర్వాత కొళాయి దగ్గరికెళ్లి, గ్లాసు నింపి, అక్కడ జనంలో నిలబడ్డ అమ్మమ్మకిచ్చింది.

"వాసనొస్తుంది అమ్మమ్మా. రావాలి. పోయిన వానల్లో వాగు నీళ్లు తాగి పిల్లలు ఎలా పడిపోయారో మర్చిపోయావా?"

"ఎలా మర్చిపోతానే మొండిదానా!"

"అయితే ముక్కు మూసుకునైనా తాగు."

అమ్మమ్మ నిజంగానే ముక్కు మూసుకుని తాగింది. మొహం చిట్లించి, దూరంగా నిలబడ్డ ట్రైనర్ వైపు చూసింది. "ఆ అబ్బాయినీ ఇలాగే అలవాటు చేసుకోవాలి కాబోలు!"

కొళాయి దగ్గర అందరూ గొల్లుమన్నారు. ఈసారి ఎర్రబడ్డవి ఆమె చెవులు.

సాయంత్రం గొట్టం మళ్లీ గులాబీ రంగుకి తిరిగింది. ఆఫీసర్ గది తాళాలు ఆమె చేతికిచ్చి, ఆపరేటర్‌ని పిలుచుకుని జీపెక్కాడు.

చినుకులు మొదలయ్యాయి. ట్రైనర్ సంచి భుజాన వేసుకుని వచ్చాడు.

"కోపమా?"

"ఊఁ. ఎందుకు పెంచారు?"

"నువ్వు ఓడిపోతే చూడలేననిపించింది."

"అంటే ఓడిపోతాననే అనుకున్నారు."

"అనుకున్నాను. తప్పే. నువ్వంటే ఇష్టం, దానికి భయం తోడైంది."

"ఇంకోసారి నా తప్పు నాకు తెలియకుండా దిద్దితే ఊరుకోను."

"దిద్దను. నీ ముందే చెప్తాను, పోట్లాడతాను. సరేనా?"

ట్రైనర్ కోసం ఆగిన జీపు హారన్ కొట్టింది. ఒకసారి, రెండుసార్లు. అతను కదల్లేదు, ఉండనా అని అడగనూ లేదు.

ఆమె అతని భుజం మీది సంచిని లాగి, తడవకుండా పంపు గది లోపల పెట్టింది.