ఫ్యానుకు చుట్టిన బంతిపూల దండ

వీరలక్ష్మికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: గండిపేట చెరువు నడిమధ్య బోటు ఆగిపోతుందని, ఈత రాని తండ్రి అందులో ఉంటాడని.

తండ్రి భీమేశ్వరరావు నీళ్ళ శాఖలో ఓవర్సీరు. కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చాడు. ఆయన్ని చెరువు మీద తిప్పే బోటు డ్రైవరు నర్సింహ. బాలానగర్‌లో మెకానిక్ పని నేర్చాడు. నేర్చినదానికంటే గర్వమే ఎక్కువ.

మొదటిరోజు క్యారియర్ ఇవ్వడానికి రేవుకొచ్చిన వీరలక్ష్మి, బోటు వెనకాల నీళ్ళలోకి దిగివున్న ఇనుపకాలును చూసి ముక్కు విరిచింది. ఆ కాలి చివరే బోటును నడిపే ఫ్యాను. రెండింటి నిండా పచ్చటి నాచు.

"ఏమయ్యా, పని లేనప్పుడు ఆ కాలు పైకెత్తి కడగవా? మా తాతగారి లాంచీని ఇలా వదిలేస్తే గుల్లలు పట్టి పాడయ్యేది."

"అది సముద్రం అమ్మగారూ. ఈడ మంచినీళ్ళు. ఏం ఫికర్ లేదు."

"నాచుకి ఆ సంగతి చెప్పావా? పాపం, తెలియక పెరిగినట్టుంది."

మర్నాటికి కాలు తళతళలాడుతోంది.

"అబ్బో, కాలికి స్నానం అయింది. మనిషికెప్పుడో?"

నర్సింహ నవ్వు ఆపుకోలేక ఇంజనులోకి తల దూర్చాడు.

దసరాకి బోటుకు పూజ చేశారు. దండ వీరలక్ష్మే గుచ్చింది, తెగకూడదని నైలాన్ దారంతో. నర్సింహ దాన్ని ఫ్యానుకు చుట్టాడు.

పండగ వెళ్ళిన కొన్నాళ్ళకే బోటు మూలగసాగింది.

"కాలిలో గేర్ల నూనె తీసి చూపించు," అంది వీరలక్ష్మి.

మర విప్పితే నూనె మజ్జిగలా తెల్లగా కారింది. లోపలికి నీళ్ళు చేరాయన్నమాట. నర్సింహ ఫ్యాను ఊడదీశాడు. వెనక ఇరుసుకు నైలాన్ దారం బిగుసుకుని, నీళ్ళను ఆపే రబ్బరు సీలును కోసేసింది.

"దండ తీయకుండానే నడిపావా? ఇంత తెలివి ఎక్కడ నేర్చావు?"

"మీరు గుచ్చిండ్రు గదా," అన్నాడు తల వంచుకుని. "తీయబుద్ధి గాలె."

వీరలక్ష్మి ముఖం చెరువు వైపు తిప్పుకుంది. అటు చూస్తూనే, "మొద్దు!" అంది.

వాన మొదలైంది. గొడుగు వేసుకుని భీమేశ్వరరావు వచ్చాడు.

"గేట్ల దాకా వెళ్ళాలి. తియ్యి బోటు!"

"సీలు మార్చేదాక కదలదు సార్. గేర్లు అరిగి నడిమిట్ల ఆగుతది." నర్సింహ తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"నీ ఉద్యోగం ఊడగొడతాను!"

"ఊడగొట్టుండ్రి. మిమ్ముల్ని మాత్రం ఎక్కియ్య."

అని సైకిలెక్కి, సీలు కోసం వానలోనే బాలానగర్ దారి పట్టాడు.

"ఇంత పొగరుబోతుకి పిల్లనెవడిస్తాడు!" అని అరిచాడు ఓవర్సీరు.

"మీరే ఇద్దురుగాని నాన్నగారూ, ముందు సీలు రానివ్వండి."

ఆయన తెల్లబడ్డ నూనెను చూశాడు. చెరువును చూశాడు. కూతుర్ని చూశాడు.

"వంట రాదని వాడికి ముందే చెప్పెయ్యి. తర్వాత నా మీద పడకూడదు," అన్నాడు.

సాయంత్రమైంది. వాన తగ్గలేదు, సైకిలు రాలేదు. వీరలక్ష్మి అతన్ని తిడుతూనే రేవు మెట్ల మీద నిలబడి ఉంది. మీలో ఎవరైనా బాలానగర్ నుంచి వచ్చే ఖాజాగూడ రాళ్ళదారిన వెళుతుంటే, తడిసిన ఖాకీ చొక్కా మనిషి ఎక్కడైనా ఆగిపోయాడేమో కాస్త చూడండి. మామగారు ఒప్పుకున్నారని పాపం అతనికింకా తెలియదు.