తొమ్మిదో స్తంభం చప్పుడు

రాత్రి తొమ్మిది దాటాక ఖరిదా పేటలో ఏ టోటో, అంటే బ్యాటరీ రిక్షా, ఎక్కినా సరే, పాత సిక్‌లైన్ దగ్గర దించమంటే డ్రైవరు రెండు వందల గజాల ముందే బ్రేకు వేస్తాడు. "ఇక్కణ్ణుంచి నడిచిపోండి దీదీ" అంటాడు. బతిమాలినా లాభం లేదు. ఆ చోటు సంపాదించుకున్న పేరు అలాంటిది.

ఈ రైల్వే ఊళ్లో సిక్‌లైన్ అంటే జబ్బుచేసిన వ్యాగన్లను నిలబెట్టే పట్టాలు. తాతల కాలంలో అక్కడ పైడయ్య అనే ఆయన చక్రాలు కొట్టి చూసేవాడట. పొడుగు కర్ర ఉన్న సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టాలి. బాగున్న చక్రం ఖంగుమంటుంది. బీటవారిన చక్రం మొద్దుగా డబ్బుమంటుంది. ఒక వానరాత్రి ఆయనకు బద్ధకించింది. ఒక చక్రాన్ని కొట్టకుండానే రిజిస్టరులో 'ఫిట్' అని రాసి సంతకం పెట్టేశాడు. తెల్లారేసరికి ఆ చక్రం విరిగి ఇద్దరు పోయారు.

ఆ రోజు నుంచి పైడయ్య కంటికి కునుకు లేదు. డ్యూటీ ఉన్నా లేకపోయినా రాత్రంతా సుత్తి పట్టుకుని ఆ లైను మీద తిరిగేవాడట. పోయాక కూడా మానలేదని... అంటారు.

తరవాత పట్టాలు పీకేశారు. ఆ నేల మీద ఇప్పుడు ఇన్నోవేషన్ హబ్ లేచింది. చుట్టుపక్కల జిల్లాల పిల్లలు తమ బుర్రలో మెదిలినదాన్ని యంత్రంగా చేసి చూసుకునే చోటు. చక్రాలే లేకుండా పోయాయి కదా, ఇంక పైడయ్య ఏం కొడతాడులే అనుకున్నారు.

స్తంభాలు కొట్టడం మొదలుపెట్టాడు.

నాలుగు నెలల్లో ముగ్గురు వాచ్‌మెన్లు మానేశారు. నాలుగో మనిషి జ్ఞానరత్నం, రైల్వే వర్క్‌షాపులో రిటైరైనవాడు. దెయ్యాలకు భయపడే రకం కాదు. ఆయనే ఒకరోజు రష్మిత దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"మేడమ్... రాత్రి ఒంటిగంటా నలబైకి పక్క లైనులో గూడ్సు ఎల్తాది గదా. అది ఎల్లిపోయినాక సప్పుడు. ఒకటో స్తంభం కాడ మొదలెట్టి వరసాగ్గా కొడతన్నాడు. ఎనిమిది వరకూ ఖంగు, ఖంగు. తొమ్మిదోది మాత్రం డబ్బుమంటంది."

రష్మితకు నవ్వు రావలసింది. రాలేదు.

ఆ బిల్డింగుకు డిజైను చేసిన స్ట్రక్చరల్ ఇంజనీరు ఆమే. కరీంనగర్ నుంచి వచ్చి ఈ ఊళ్లో తాల్‌బగీచా పేటలో గది తీసుకుని రెండేళ్లుగా దీనికే అంకితమైపోయింది. కింద ఉన్న పెద్ద హాలు ఆమె ముచ్చటపడి గీసింది. ఈ ఏడు డ్రోన్లు చేసేవాళ్లు, వచ్చే ఏడు పంపుసెట్లు చేసేవాళ్లు వస్తారు, ఎవరికి ఎంత చోటు కావాలో ముందే ఎలా తెలుస్తుంది? అందుకని అడ్డుగోడలు తీసేసింది. స్తంభాలు దూరం దూరంగా పెట్టింది. మొత్తం పన్నెండే. స్తంభాలు తగ్గితే ఒక్కోదాని మీద బరువు పెరుగుతుంది. అందులోనూ తొమ్మిదోదాని నెత్తిన సర్వర్ల గది. బ్యాటరీలతో కలిపి పద్నాలుగు టన్నులు.

స్తంభం పోత పోసే ముందు ఇంజనీరు లోపలి చువ్వలు చూసి ఒక కార్డు మీద సంతకం పెట్టాలి. అది లేనిదే కాంక్రీటు దిగకూడదు. కిందటి వానాకాలం చెల్లెలి పెళ్లికి ఊరెళుతుంటే సూపర్‌వైజర్ వచ్చి, "నాలుగు రోజులు పని ఆగిపోతుంది మేడమ్, ఒక్క కార్డు మీద సంతకం పెట్టి వెళ్లండి" అన్నాడు. రైలుకు టైమైపోతోంది. ఖాళీ కార్డు మీద పెట్టేసింది.

తొమ్మిదో స్తంభం ఆ వానలో, ఆ కార్డు మీద లేచింది.

తిరిగొచ్చి చూస్తే పైకి నున్నగా, ముద్దుగా ఉంది. పరీక్షకు పంపిన కాంక్రీటు దిమ్మలు కూడా పాసయ్యాయి. అయినా రష్మితకు మనసు కుదురుగా లేదు. ఆ ఒక్క స్తంభాన్నీ మళ్లీ పరీక్ష చేయిద్దామంటే, ఎందుకని అడుగుతారు. కార్డు బయటికి తీస్తారు. ఉద్యోగం పోతుంది, పేరు పోతుంది. అందుకే నోరు మూసుకుని ఊరుకుంది.

ఇప్పుడిక గడువు దగ్గరపడింది. రేపు పదింటికి బిల్డింగు భద్రమని రాసిన కాగితం మీద ఆమె సంతకం పెట్టాలి. ఎల్లుండి బ్యాటరీలు పైకెక్కుతాయి. ఆ మర్నాడు కింద హాల్లోకి నలభై మంది పిల్లలు వస్తారు.

"ఈ రాత్రి నేనూ ఉంటాను" అంది జ్ఞానరత్నంతో. "పైపులు చల్లబడితే అలాంటి చప్పుళ్లు వస్తాయి. చూసి చెబుతా."

ఆ మాట ఆయనకు చెప్పిందో, తనకు తనే చెప్పుకుందో!

ఏ మోటారు మోతో అనే అనుమానం కూడా మిగలకూడదని మెయిన్ స్విచ్చి ఆపేయించింది. జ్ఞానరత్నం గేటు దగ్గర ఉండిపోయాడు. హాల్లో ఒక్కతే కుర్చీ వేసుకు కూర్చుంది. చీకటి... సున్నం వాసన... ఎక్కడో ఒక కప్ప.

ఒంటిగంటా నలభైకి గూడ్సు వచ్చింది. అరవై వ్యాగన్లు నేలను వణికించుకుంటూ పోయాయి. వణుకు ఆగింది. కప్ప కూడా ఆగింది.

ఖంగ్...

రష్మిత లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఖంగ్... ఖంగ్...

పైపులు కావు. పైపులు అడుగులు వేసుకుంటూ రావు. ఇది ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి, తీరిగ్గా, పని తెలిసిన మనిషి నడకలా వస్తోంది. నాలుగు... ఐదు... లేచింది. చప్పుడు వెంట నడిచింది. ఏడు... ఎనిమిదోది చెవి పక్కనే మోగింది. ఎదురుగా మూడు అడుగుల్లో తొమ్మిదోది...

డబ్బ్.

చెక్కపెట్టె మీద కొట్టినట్టుంది. ఇంజనీరుకు ఆ చప్పుడు అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. లోపల బోలు.

అప్పుడు స్తంభం అవతల గుడ్డిగా ఒక టార్చి వెలిగింది. ముడతలు పడ్డ ముసలి ముఖం. ఒక అరచెయ్యి స్తంభానికి ఆనించి, చెవి దగ్గరగా పెట్టి ఉంది.

"ఎవలది?" అంది రష్మిత. బెదురులో ఇంటి మాట వచ్చేసింది.

ముసలాయన తలెత్తాడు. చూపు ఆమె మీద లేదు. ఆమె భుజం మీదుగా... వెనక చీకట్లోకి.

"మరోపాలి కొట్టు బాబూ" అన్నాడు, గుసగుసగా.

రష్మిత పరుగు తీసింది. చెప్పు ఊడిపోయినా ఆగలేదు. గేటు దాకా వచ్చిందో లేదో, లోపలి నుంచి మళ్లీ...

డబ్బ్.

తెల్లారాక జ్ఞానరత్నం తోడు రాగా హాల్లోకి వెళ్లింది. తొమ్మిదో స్తంభం మీద తెల్ల సుద్దతో పెద్ద ఇంటూ గుర్తు. దాని కింద ఇంగ్లీషులో 'సిక్' అని ఉంది.

"పాడైన వ్యాగన్ మీద ఇలాగే రాసీవోరు మేడమ్" అన్నాడు జ్ఞానరత్నం. "ఇది రాసినాక ఆ వ్యాగన్ని ఎవుడూ కదపకూడదు."

రష్మిత ఆ గుర్తుకేసి చూసింది. కొట్టకుండా 'ఫిట్' రాసిన పైడయ్యకీ తనకీ ఏమిటి తేడా? ఆయన చేసిన పనికి ఇద్దరు పోయారు. తనది ఇంకా జరగలేదు. తేడా అంతే.

పదింటికి డైరెక్టర్ కాగితం ముందుకు తోశాడు. రష్మిత పెన్ను ముట్టుకోలేదు. ఖాళీ కార్డు సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పేసింది. చెబుతూ ఏడ్చేసింది. ఆయన ముఖం నల్లబడింది. "దీని పర్యవసానం నీకు తెలుసా?" అన్నాడు. తెలుసంది.

మధ్యాహ్నం కాంక్రీటు గుండా శబ్దం పంపి చూసే పరికరం తెచ్చారు. పన్నెండు స్తంభాలూ చూశారు. పదకొండు బాగున్నాయి. తొమ్మిదోదానికి డ్రిల్ పెడితే నాలుగంగుళాలు దిగి, ఒక్కసారిగా ఖాళీలోకి జారింది. లోపల ఎవరో కుక్కిన ఖాళీ సిమెంటు సంచులు. ఆ ఖాళీలో పిడికెడు కంకర కూడా లేదు.

సాయంత్రానికి హాలుకు తాళం పడింది. బ్యాటరీలు తెచ్చిన లారీని వెనక్కి పంపేశారు. రష్మిత ఉద్యోగం ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. గేటు దగ్గర బెంచీ మీద కూలబడి ఉంటే, జ్ఞానరత్నం ఒక ముసలాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆ ముడతలు, ఆ ముఖం... రాత్రి టార్చి వెలుగులో చూసినవే!

"బయపడకండి మేడమ్, మనిసే! సుద్దరాత సూసి ఈయనేనని పోల్చినాను. దేముడు మావ. ఖరిదాలో ఉంటాడు. నలబై ఏళ్లు వ్యాగన్లు పరీచ్చ సేసినోడు."

రష్మితకు ఒక్కసారిగా గుండెల మీంచి బండ దించినట్టయింది. పకపకా నవ్వేసింది, కళ్లనీళ్లతోనే. "నువ్వా తాతా! నా ప్రాణాలు తీసినవు కదా!"

"నన్ను సూసి పైడయ్యనుకున్నావేటి?" ముసలాయనా బోసినోటితో నవ్వాడు. "అదొట్టి మాట. నాకు నిద్దర పట్టదు తల్లీ. ప్రహరీ పక్కన తిరుగుతా ఉంటాను. వారం దినాలుగా సప్పుడు ఇంటన్నాను. తొమ్మిదోది బోలు పలకతంది, మీరేమో పట్టించుకోరు. ఆగలేక నిన్న గోడ సందులోంచి వొచ్చి రాసీసినాను."

"మంచి పని చేసినవు. నలబై మందిని కాపాడినవు. నీ సుత్తికి దండం పెట్టాలె."

"నా సుత్తా?" దేముడు నవ్వు ఆపాడు. "రిటైరైన రోజే డిపోలో అప్పజెప్పీసినాను గదమ్మా. నా కాడ సుద్దముక్కే ఉంది."

జేబులోంచి తీసి చూపించాడు. అరిగిపోయిన చిన్న ముక్క.

"సుత్తి పని నీతో ఉన్నాయనది. నాను అంతసేపూ ఇని, రాసినానంతే. అబ్బ, ఏం కొట్టుడు తల్లీ... అలాటి చెయ్యి ఇప్పుడు ఏ యార్డులోనూ నేదు. ఆయన్ని ఒకపాలి పిలు, దండం ఎట్టుకుని పోతాను."

"ఎవర్ని తాతా?"

"అదేటమ్మా అలాగడుగుతావు... నీ ఎనకాలే నిలబడ్డాడు గదా."