చిక్కుడు తీగ అటు తిరగదు

డెబ్బై నాలుగులో సంగతి. పొద్దున్నే వాకిట్లో చెక్కపొట్టు ఊడ్చేసి శివపార్వతి కాఫీ కలుపుతోంది. గవర్నరుపేటలోని ఆ ఇంట్లో ముందుగది ప్రెస్సు, వెనక గదుల్లో కాపురం. మామగారు బసవయ్య టేకు చెక్కల మీద మొక్కల బొమ్మలు చెక్కుతాడు. ఆయన కొడుకు, శివపార్వతి భర్త కోటేశ్వరరావు వాటిని అచ్చు వేస్తాడు. ఒకే బొమ్మ కాలేజీ పుస్తకంలోకీ వెళ్లేది, విత్తనాల పొట్లాల మీదికీ ఎక్కేది.

ఇంతలో కోటేశ్వరరావు అచ్చుకాగితం పట్టుకుని విసురుగా వచ్చాడు. అతని కోపం పాలపొంగు, చప్పున చల్లారుతుంది. ఆవేళ చల్లారలేదు. బోటనీ లెక్చరరుగారు బొమ్మ తిప్పి పంపేశారట. చిక్కుడు తీగ ఏ పందిరి మీదైనా ఒకే వైపుకి చుట్టుకుంటుందట, ఇందులో అది తిరగబడిందట. అనుమానం తీరక పెరట్లోకి వెళ్లి పాదు చూసొచ్చాడు. నిజమే.

"విత్తనాల కొట్టాయనకి ఎటు తిరిగినా ఒకటే నాన్నా. పిల్లలు చదివే పుస్తకానికి అలా కుదరదుగా. నీకు చూపు ఆనడం లేదు. ఇక ఉలి పక్కన పెట్టెయ్. చెక్కకి బదులు జింకు రేకు బ్లాకులు బయట చేయించుకుంటాను."

అక్కడే కూర్చున్న బసవయ్య ఆ బొమ్మ చెక్కను ఒళ్లోకి తీసుకుని వేళ్లతో తీగ వెంబడే తడిమాడు. "పొరపాటు నాదేరా," అన్నాడు.

శివపార్వతి కలుపుతున్న కాఫీ వదిలేసి వచ్చింది. ఆయనకి శుక్లాలు ముదిరి ఏడాదైంది. కొడుక్కి తెలిస్తే పని మాన్పిస్తాడని, అతను ప్రెస్సులో ఉన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని చెక్కుతున్నది తనే. కాలేజీవాళ్లు గీసి పంపే బొమ్మ కాగితాన్ని చెక్కేముందు చెక్కకి అంటించడం మాత్రం ఆయన ఎవరికీ ఇచ్చేవాడు కాదు. మొన్న జ్వరంతో ఆయన లేవలేకపోతే అదీ తనే చేసింది. బొమ్మ పైకి కనపడేలా వెల్లకిలా అంటించేసింది. అచ్చులో కుడి ఎడమవుతుంది కాబట్టి బోర్లా అంటిస్తేనే బొమ్మ సరిగ్గా పడుతుందని ఆమెకెవరు చెప్పారు గనక? ఇప్పుడు నోరు మూసుకుంటే తన కాపురానికి ఏ గొడవా ఉండదు. పెద్దాయన చేతిలో పని మాత్రం పోతుంది.

"తప్పు మామయ్యగారిది కాదండీ. చెక్కింది నేను. ఏడాదిగా నేనే."

కోటేశ్వరరావు నమ్మలేదు. ఆమె చెయ్యి చాపింది. వేళ్ల నిండా గాట్లు. కూరలు తరిగితే తెగాయని చెబితే ఇన్నాళ్లూ నమ్మాడు. పత్తిపువ్వు బొమ్మ చూసి, నీ చేతి పనితనం ఇంకా తగ్గలేదు నాన్నా అని తను మెచ్చుకున్నది ఈ చేతినేనా? ఇంట్లో నన్నొక్కణ్ణే వెర్రివాణ్ణి చేశారన్నమాట అంటూ కుర్చీలో కూలబడ్డాడు.

"అమ్మాయిని ఏమీ అనకురా," అన్నాడు బసవయ్య. "ఉలి పట్టడం నేర్పాను. అంటించడం నేర్పలేదు. అదీ నేర్పేస్తే ఇంక ఈ ఇంట్లో నాతో పనేముంటుందని భయం."

కోటేశ్వరరావు కుర్చీలోంచి లేచాడు. ఏడాదిగా తండ్రి కళ్లలోకి ఒక్కసారి సరిగ్గా చూసి ఉంటే తెలిసేది కాదూ? జింకు మాట మళ్లీ ఎత్తలేదు. సాయంత్రం కళ్ల డాక్టరు దగ్గరికి వెళదామని చెప్పి, లోపలికెళ్లి కొత్త చెక్క తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాడు.

బసవయ్య బొమ్మ కాగితాన్ని కోడలి చేతికిచ్చి, "ఈసారి బోర్లా పెట్టమ్మా," అన్నాడు.

ఆమె పెట్టింది. ఆయన నాలుగు అంచులూ తడిమి చూసి, సరిగ్గానే ఉందన్నాడు. తర్వాత ఉలి ఆమె వైపు జరిపాడు.