మామగారిచ్చిన సిగరెట్

ఇండోనేషియాలోని సెమరాంగ్ ఊళ్ళో, బస్‌స్టాప్‌లో వెనింగ్ కొరకబోతున్న అరటిపండు బజ్జీ మీదికి మామిడిపండు వాసనతో పొగ వచ్చి వాలింది.

"ఏమయ్యా, నా టిఫిన్‌కి ధూపం వేస్తున్నావా?"

ఈ-సిగరెట్ పట్టుకుని నిలబడ్డ కుర్రాడు నాలిక్కరుచుకున్నాడు. "సారీ అండీ. గాలి ఇటు తిరిగింది, చూసుకోలేదు." దాన్ని జేబులో పెట్టేసి, వేడివేడిగా మరో బజ్జీ కొనిచ్చాడు. తిట్టడానికి వెనింగ్ దగ్గర ఇంకా బోలెడు మాటలున్నాయి. అన్నీ వేస్టయిపోయాయి.

అతని పేరు దమర్. సెల్‌ఫోన్లు రిపేర్ చేస్తాడు. రోజూ ఇద్దరిదీ ఒకటే బస్సు. చూసేకొద్దీ అతనంటే ఆమెకు ముచ్చటేసింది. స్కూటర్ మీద పోయేవాళ్ళు "ఏంటి తమ్ముడూ, పిల్లనగ్రోవా?" అని వెక్కిరిస్తే, "ఇంకా పాట రాలేదన్నా, నేర్చుకుంటున్నా" అనేవాడు. పెద్దావిడెవరైనా ముక్కు మూసుకుంటే, ఆవిడ నోరు తెరవకముందే దూరం జరిగేవాడు. "అది మాత్రం మంచిదా?" అని నిలదీస్తే, "మంచిదని నేనూ అనడం లేదండీ. లవంగం సిగరెట్లు మానడానికి దీన్ని పట్టుకున్నా. దీన్నీ వదలాలి" అని ఒప్పేసుకునేవాడు. కోపం లేదు, బెదురూ లేదు. అలాంటి మనిషిని ప్రేమించకుండా ఉండటం ఎవరి తరం?

చిక్కల్లా ఆమె తండ్రి తర్జోగారితోనే. ఇంటికొచ్చిన మగవాడికి లవంగం సిగరెట్ ఇవ్వడం, ఇద్దరూ కలిసి కాల్చడం ఆయన లెక్కలో మర్యాద. అది కాదన్నవాడికి పిల్లనిచ్చే ప్రసక్తే లేదు.

"ఒక్కటి కాల్చెయ్, నాకోసం," అంది వెనింగ్, పెళ్ళి మాట్లాడటానికి వచ్చిన దమర్‌ని ఇంటి గేటు దగ్గరే ఆపి.

"ఒక్కటి కాలిస్తే మళ్ళీ పెట్టె కొంటాను, వెనింగ్. నా సంగతి నాకు తెలుసు."

ఆమె గేటు తీసింది.

వరండాలో తర్జోగారు తనొకటి వెలిగించుకుని, దమర్‌కి ఒకటి అందించారు. పక్కనే చాప మీద వెనింగ్ అక్క కూతురు, చంటిపాప, నిద్రపోతోంది. బయట వాన దంచేస్తోంది.

దమర్ కుడిచేత్తో వినయంగా అందుకున్నాడు. వెలిగించలేదు.

"మీరిచ్చారు కాబట్టి దాచుకుంటానండీ. కాల్చలేను. చాలా కష్టపడి మానేశాను."

"మరి జేబులో ఆ గొట్టం ఏమిటి? మగాడన్నవాడు పళ్ళరసం పొగ పీలుస్తాడా?"

"మా ఫ్రెండ్స్ కూడా అదే అంటారండీ." దమర్ నవ్వాడు. "ఏం చెయ్యను, అలవాటింకా పూర్తిగా పోలేదు. మీ ముందు కూర్చుంటే ఇప్పుడే ఒకసారి పీల్చాలనిపిస్తోంది కూడా. ఒక్క నిమిషం, ఇప్పుడే వస్తాను."

లేచి, పాపను ఒకసారి చూసి, వానలోకి దిగి వాకిట్లోని జామచెట్టు కిందికి వెళ్ళి, గొట్టం తీసి నోట్లో పెట్టుకున్నాడు. ఆ చెట్టు ఆపగలిగింది సగం వానే.

తర్జోగారు తన చేతిలో కాలుతున్న సిగరెట్ వైపు చూసుకున్నారు. తర్వాత పాప వైపు చూశారు. పాప దగ్గర కాల్చొద్దని ఆయనతో అనే ధైర్యం ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ చేయలేదు. ఇతనూ అనలేదు. అయిపోయింది, ఇక పంపించేస్తారు అనుకుంది వెనింగ్.

ఆయన లుంగీ ఎగ్గట్టి, గొడుగు తీసుకుని, సిగరెట్‌తో సహా వానలోకి నడిచారు.

"జరుగు," అన్నారు, గొడుగు సగం దమర్ మీదికి పట్టి. "నీ పళ్ళరసం నా మొహాన ఊదకు."

వెనింగ్ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆయన వెనక్కి తిరిగి కేకేశారు.

"అలా చూస్తావేమే? కాఫీ ఇక్కడికే పట్టుకురా. నాకూ, అల్లుడికీ."