నీలం డ్రమ్ములు

పరుగు!

చెత్తకొండ మీద కాలు నిలవదు. అడుగు వేస్తే మోకాలిదాకా దిగబడుతుంది. అయినా పరుగే!

పట్టపగలే. కానీ డంపు తగలబడుతోంది కదా... ఆ నల్లటి పొగలో సూర్యుడెక్కడున్నాడో ఆ సూర్యుడికే తెలియాలి.

"అదిగో నర్సు! పట్టుకోండ్రా!"

వెనక ముగ్గురు. డంపు సూపర్‌వైజర్ మనుషులు. చేతుల్లో ఇనుప రాడ్లు.

నర్సు సీసాను గుండెలకు అదుముకుంటుంది. ఖాళీ సెలైన్ సీసాలో పసుపుపచ్చటి ద్రవం. ఇప్పుడే డంపు వెనక గుంటలో, మట్టి కప్పిన నీలం డ్రమ్ములోంచి పట్టింది.

ఇది సాయంత్రంలోగా ఆసుపత్రికి చేరాలి. చేరకపోతే... అక్క కూతురు దక్కదు!

చిన్నపిల్ల. నిన్నటి నుంచి ఫిట్స్. డాక్టర్ ఒకటే మాట చెప్పాడు. "ఒంట్లో ఏదో కెమికల్ చేరింది. అదేంటో తెలిస్తేనే విరుగుడు."

డంపు చుట్టూ ఉన్న పేటలో దగ్గని గొంతు లేదు. ఒంటి మీద పుండ్లు లేని పిల్ల లేదు. ఆ గుంటలోదే బోరు నీళ్లలోకి దిగుతోందని నర్సు అనుమానం. బోరు నీళ్లు ముట్టొద్దని ఇంటింటికీ తిరిగి నోరు నొప్పి పుట్టేలా చెప్పింది. అక్క ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది కూడా. మరి ఆ ఇంటి పిల్లకెలా వచ్చింది? అదే అంతు చిక్కట్లేదు.

రాడ్డు ఒకటి గాల్లో తిరుగుతూ చెవి పక్కనుంచి దూసుకుపోతుంది!

అమ్మో!

పొగలోంచి గర్రుమంటూ బుల్డోజర్. క్యాబిన్ తలుపు తెరుచుకుంటుంది.

"మరదలా! ఎక్కు! తొందరగా!"

బావ! అక్క మొగుడు! డంపులో చెత్త చదును చేసే డ్రైవర్. నర్సుకు పోయిన ప్రాణం లేచొస్తుంది. ఎక్కేస్తుంది. తలుపు ధడేల్!

"దొరికింది బావా! మన పిల్ల బతుకుతుంది! గేటు వైపు పోనీ!"

బావ గేరు మారుస్తాడు. లివర్ లాగుతాడు.

గేటు కుడివైపు ఉంది. బండి ఎడమకు తిరుగుతోంది!

"బావా... ఎటు?"

ఎదురుగా జీపు. దానికి ఆనుకుని గోతికాడ నక్కలా సూపర్‌వైజర్. చేతిలో పిస్టల్. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది!

"ఆ సీసా ఆయనకిచ్చెయ్ మరదలా." బావ ఆమె వైపు చూడడు. "ఇచ్చేస్తే నిన్నేం చేయనన్నాడు."

"నీకు మతుందా? నీ కూతురు చావుబతుకుల్లో ఉంటే..."

"దాని కోసమే! ఆ గుంటలో ఫ్యాక్టరీ కెమికల్ డ్రమ్ములేసి మట్టి కప్పేది నేనే. నోరు మూసుకుంటే ఊరవతల, మంచి గాలి ఉన్నచోట ఇల్లిస్తానన్నాడు. పిల్ల దగ్గు తగ్గుతుందని ఒప్పుకున్నా. అయినా ఆ గుంటకీ మనకీ ఏంటి? బోరు నీళ్లు మనం ముట్టమే! ట్యాంకర్ నీళ్లేగా... నువ్వు చెప్పినట్టే డ్రమ్ములో పట్టుకుని..."

టక్కున ఆగిపోతాడు.

నర్సు చటుక్కున అతని వైపు తిరుగుతుంది.

"వంటింట్లో ఆ నీలం డ్రమ్ము... ఎక్కడిది బావా?"

అతని భుజం పట్టి కుదుపుతుంది.

"ఎక్కడిది?!"

"ఖాళీది... ఊరికే పోతుంది కదాని తెచ్చా. సబ్బు పెట్టి కడిగా మరదలా! ఒకటికి మూడుసార్లు కడిగా! వాసన కూడా లేదు!"

"ఏళ్ల తరబడి ఈ కంపులో బతికేవాడివి! నీ ముక్కుకు వాసన తెలుస్తుందా?"

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏడుపు రాదు. గొంతులోంచి ఏదో మూలుగు వస్తుంది.

"ఏంట్రా ఆలస్యం? దించు దాన్ని!" సూపర్‌వైజర్ అరుస్తాడు.

బావ ఆమె వైపు తలుపు తోసేస్తాడు. "దూకు! గేటు దాటేదాకా ఆగకు! నా పిల్లని బతికించు!"

దూకుతుంది.

వెనక ఇంజిన్ రంకె వేస్తుంది. బుల్డోజర్ ముందు రేకు పైకి లేస్తుంది. నేరుగా జీపు మీదికి!

"ఆపు! ఆపరా!"

నర్సు ఆగదు. పరుగెడుతూనే ఫోన్ తీస్తుంది. ముందు ఆ డ్రమ్ములో నీళ్లు ఎవరూ తాగకుండా ఆపాలి! రింగు... రింగు... ఎత్తవే అక్కా!

"ఎక్కడున్నావే?" అక్క గొంతులో సంతోషం పొంగుతోంది. "పిల్ల కళ్లు తెరిచింది! దాహమంటోంది. ఆసుపత్రి నీళ్లు నోట పెట్టట్లేదని, పక్కింటావిడతో మన ఇంటి నుంచి క్యాన్ నింపించి తెప్పించా..."

"అక్కా! వద్దు! పారబోయ్! అవి..."

ఢాం!

తుపాకీ మోత. వెంటనే ఇనుముకు ఇనుము గుద్దుకున్న చప్పుడు. నర్సు అరుపు అందులో కొట్టుకుపోతుంది.

"ఏంటే ఆ గోల? ఒక్క ముక్కా వినపడట్లేదు... ఉండు, దీనికి గ్లాసు పట్టి మళ్లీ చేస్తా."

ఫోన్‌లో సన్నగా పిల్ల గొంతు.

"అమ్మా... నీళ్లు..."

లైన్ కట్!