ఘ్రాణి చెప్పని వాసన

ఆ రోజుల్లో బిడ్డ పుట్టే ఇంటికి చుట్టాల కంటే ముందు ఘ్రాణి వచ్చేది.

మార్చి దాటితే అక్టోబరు దాకా కిటికీ తెరవలేని కాలం అది. అనకాపల్లిలో ఎండ యాభై డిగ్రీలు దాటడం వార్త కాకుండా పోయి చాలా ఏళ్ళయింది. జనం ఇళ్ళను మూతపెట్టిన డబ్బాల్లా కట్టుకున్నారు. లోపలి గాలే చల్లబడి మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. అలాంటి గదిలో కొత్త మంచానికి కొట్టిన వార్నిషు, పరుపులోని ఫోము, ప్లైవుడ్డు అతికించిన జిగురు నెలల తరబడి కంటికి కనపడని ఆవిర్లు వదులుతూనే ఉంటాయి. పెద్దవాళ్ళు ఎలాగో తట్టుకుంటారు, పసిగుడ్డు తట్టుకోదు. అందుకే ఘ్రాణి ఆకుపచ్చ దీపం వెలిగించి హరితపత్రం ఇస్తే తప్ప ఆస్పత్రివాళ్ళు బిడ్డను ఇంటికి పంపరు.

చూడ్డానికి అది కొబ్బరిచిప్ప అంత ఉంటుంది. గది కప్పుకు వేలాడుతుంది. ఎన్ని ఇళ్ళల్లో వేలాడినా అన్నిటికీ మెదడు ఒక్కటే. దాని లోపల వెంట్రుక కంటే సన్నటి వాయుగ్రాహకాలు వేలకొద్దీ ఉంటాయి. ప్రతి పదార్థానికీ తనదైన బరువు, తనదైన కంపనం ఉంటాయి కదా, ఆ రెండింటినీ కలిపి అణుముద్ర అంటారు. గాలిలో తేలే ఒక్కో అణుముద్రనూ స్పెక్ట్రోమీటరు చదివి, తన దగ్గరున్న తొమ్మిది లక్షల ముద్రలతో పోల్చి, ఫలానా వస్తువులో ఫలానా విషం ఉందని నోటితో చెబుతుంది. చెరువులో చుక్క సిరా పడినా పట్టుకునే ముక్కు దానిది.

దాన్ని తయారుచేసింది డాక్టర్ మనస్విని. ఎందుకు తయారుచేసిందో కూడా అందరికీ తెలుసు. ఆమె తొలిచూలు కొడుకు పదహారో రోజున పోయాడు. అత్తగారు ముచ్చటపడి కొన్న కొత్త ఉయ్యాల, దాని వార్నిషు, ఆ బిడ్డను పొట్టనపెట్టుకున్నాయని మనస్విని ఎన్నో సభల్లో చెప్పింది. ఆ కథ స్కూలు పుస్తకాల్లోకి కూడా ఎక్కింది.

ఇప్పుడు ఆమెకు అరవై ఆరేళ్ళు. కూతురు ఇహకు కొడుకు పుట్టాడు. ఇవాళ ఇరవై ఒకటో రోజు, బారసాల. పదిన్నరకు బిడ్డను మొదటిసారి ఉయ్యాలలో వెయ్యాలి.

ఆ గదిని మూడు నెలలుగా మనస్వినే దగ్గరుండి చేయించింది. బిడ్డ పుట్టకముందే వస్తువులు కొనకూడదని వెనకటి ఆచారం. ఘ్రాణి వచ్చాక ఆ ఆచారం చట్టం కింద నలిగిపోయింది. అంకుడు కర్రతో ఉయ్యాల చేసి, లక్క రంగులు పూసి తెచ్చినవాడు అప్పలసూరి, లక్క పనిలో తలపండినవాడు. తెచ్చిన మొదటిసారి ఎర్రదీపం వెలిగింది.

“కీళ్ళలో వాడిన జిగురు పనికిరాదు,” అంది ఘ్రాణి.

అప్పలసూరి పైకి చూశాడు. “మనుషులకి ముక్కు మీద కోపం ఉంటాది. ఈ చిప్పకి ముక్కంతా కోపమేనేటమ్మా?”

“దాన్ననకు సూరయ్యా. నేను పెంచిన ముక్కు,” అంది మనస్విని నవ్వుతూ.

అతను ఉయ్యాల విప్పుకుని పోయి, చింతపిక్కల జిగురుతో మళ్ళీ బిగించి తెచ్చాడు. ఆకుపచ్చ వెలిగింది. పరుపులోకి బూరుగుదూది, దాని మీదకి నేత దుప్పటి, గోడకు సున్నం, దొంతులుగా పేర్చుకునే లక్క బొమ్మలు, ఒక్కొక్కటీ పరీక్షకు నిలబడి లోపలికొచ్చాయి. అల్లుడు తెచ్చిన మెత్తటి ఎలుగుబంటి మాత్రం వీధిగుమ్మం దాటలేదు.

బిడ్డకు జీ-సిక్స్-పీడీ లోపం ఉందని పుట్టిన రోజునే ఆస్పత్రివాళ్ళు చెప్పారు. రక్తంలో ఒక ఎంజైము తక్కువ. మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు గానీ, కొన్ని పదార్థాలు తగిలితే ఎర్రకణాలు చితికిపోయి, కామెర్లు కమ్ముకుని, ప్రాణం మీదకొస్తుంది. తల్లి వైపు నుంచి మగపిల్లలకు దిగే లోపం. ఆ మాట విన్నప్పుడు మనస్విని గోడ పట్టుకుని నిలబడింది. ఇహ అది భయం అనుకుంది.

తొమ్మిదిన్నరకు ఇహ వచ్చింది, చేతిలో మడతపెట్టిన చీరతో. గుమ్మంలోనే తలెత్తి ఘ్రాణితో “పెద్దల వస్తువు” అని చెప్పి లోపల అడుగుపెట్టింది.

“నీకు చెప్పకుండా ఒక పని చేశానమ్మా. నిన్న మీ ఇంటికెళ్ళి ఇనప్పెట్టె తెరిచాను. అమ్మమ్మ చీర. పసిపిల్లల్ని పాత చీరలోనే పడుకోబెట్టాలని నువ్వే అంటావు కదా.”

నీలం రంగు వెలిసిన వెంకటగిరి చీర. ఇహ దాన్ని ఉయ్యాలలో పరిచి, అంచులు సర్దింది. ఘ్రాణి ఆకుపచ్చగానే ఉంది.

“ఉతికావా?” అంది మనస్విని.

“లేదు. ఉతికితే అమ్మమ్మ వాసన పోతుందని. చూడు, ఎంత చల్లగా, ఎంత ఘాటుగా ఉందో.”

అది అమ్మమ్మ వాసన కాదు. కలరా ఉండల వాసన. వాటిని నిషేధించి ఎన్నో ఏళ్ళయింది. ఇహ వయసు వాళ్ళెవరూ ఆ వాసన ఎరగరు. మనస్విని ఎరుగును. గాలి చొరని ఆ పెట్టెలో, ప్లాస్టిక్ సంచి మడతల్లో, ఎన్నేళ్ళయినా అది అలాగే కూర్చుంది.

తొలిచూలు ఏడో నెలలో తల్లి పోయినప్పుడు మనస్విని ఆవిడ పెట్టెలోంచి ఈ చీర తెచ్చుకుంది. పాత గుడ్డను మరిగే నీళ్ళలో వేసి, ఉతికి, ఎండలో ఆరబెట్టాకే బిడ్డకు వాడాలని ఎవరైనా చెబుతారు. ఆమె ఉతకలేదు. అమ్మ పోయి రెండు నెలలే అయింది, అమ్మ వాసన కూడా పోతే ఇంకేం మిగులుతుంది అనుకుంది. రోజూ బిడ్డను అందులోనే చుట్టింది. ఒళ్ళు పచ్చబడితే పసికామెర్లు మామూలేనన్నారు, లేత ఎండలో పెట్టమన్నారు. ఆస్పత్రికి పరుగెత్తేసరికి ఆలస్యమైపోయింది. బిడ్డ పోయిన నాలుగో రోజున రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. జీ-సిక్స్-పీడీ లోపం అని అందులో ఉంది. మనస్విని కెమిస్ట్రీ చదువుకున్న మనిషి. ఆ కాగితం ఒక్కసారి చదివింది, చీరలోని కలరా ఉండల ఘాటే బిడ్డను తీసిందని తెలియడానికి అది చాలింది.

ఆపాటికే ఇంట్లో అందరూ కొత్త ఉయ్యాలను తిడుతున్నారు. పుట్టకముందే ఎందుకు కొన్నావని మనస్విని అత్తగారైన సుహాసినిని అందరూ నిలదీస్తున్నారు. ఆవిడ ఏడుస్తూ, తనదే తప్పని ఒప్పేసుకుంది. మనస్విని నోరు విప్పలేదు. ఆ రోజు విప్పలేదు, ఆ తర్వాత ముప్ఫై ఎనిమిదేళ్ళూ విప్పలేదు.

ఘ్రాణి మొదటి పరీక్షల్లో అమ్మమ్మల చీరల మీద, తాతల శాలువాల మీద ఎర్రదీపాలు వెలిగాయి. జనం గొడవపెట్టారు. మా అమ్మ చీరలో విషమా అని కొట్టడానికొచ్చారు. దానికి ఏదైనా దారి చూడమని పైవాళ్ళు అడిగితే, మనస్విని ఒక్క పూటలో ప్రోగ్రాం రాసి ఇచ్చింది. ఇంటివాళ్ళు “పెద్దల వస్తువు” అని చెబితే చాలు, ఘ్రాణి దాని గురించి మాట్లాడదు. అంత తొందరగా ఎందుకు రాసిందని ఎవరూ అడగలేదు. పాత చీరల మాట సాగితే తన చీర సంగతీ బయటపడుతుందని ఆమె భయం.

ఇప్పుడామె ఉయ్యాల అంచు పట్టుకుంది. 

“ఇది వద్దమ్మా ఇహా. ఇది చూస్తే నాకు బాబు గుర్తొస్తాడు.”

ఇహ వెంటనే చీర తీసి మడతపెట్టింది. “అయ్యో, నాకు తట్టలేదమ్మా. నీకు బాధైతే అసలొద్దు. నేత దుప్పటి ఉంది కదా.” తల్లి భుజం నిమిరి, బిడ్డను తయారుచెయ్యడానికి పక్కగదిలోకి వెళ్ళింది.

గండం గడిచిపోయింది. అబద్ధం కూడా ఆడనక్కర్లేకపోయింది. మనస్విని చీరను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇక్కడితో లేచి వెళ్ళిపోతే ఎవరికీ ఏమీ తెలియదు. తన పేరు పుస్తకాల్లో అలాగే ఉంటుంది, కూతురు తన భుజం ఇలాగే నిమురుతుంది. కానీ ఇప్పుడు ఈ చీర మీద వెలిగిన ఆకుపచ్చ ఇంకెన్ని ఉయ్యాలల మీద వెలుగుతోందో అన్న ఆలోచన ఆమెను లేవనివ్వలేదు.

“ఘ్రాణీ,” అంది. “నేను మనస్వినిని. మినహాయింపు పక్కనపెట్టి చెప్పు. ఈ చీరలో ఏముంది?”

యంత్రం ఆమె గొంతు గుర్తుపట్టింది. “నాఫ్తలీన్, కలరా ఉండల్లో ఉండేది. ఈ ఇంటి బిడ్డకు ప్రమాదకరమైన మోతాదులో ఉంది.”

“ఇప్పుడే చూశావా?”

“ఇహగారు గుమ్మంలోకి రాగానే చూశాను. పెద్దల వస్తువులన్నీ చూస్తూనే ఉంటాను. చెప్పవద్దన్నారు కాబట్టి చెప్పను.”

మనస్విని చీరను ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. “ఈ వాసన ఇంకెన్ని ఇళ్ళల్లో ఉంది?”

“ఇంతవరకు రెండువందల పదమూడు ఇళ్ళల్లో. అందులో ఏడు ఇళ్ళవాళ్ళు నెల తిరక్కుండానే నన్ను వెనక్కి పంపేశారు. బిడ్డ లేడని రాశారు. ఈ పూట ముప్ఫై ఒక్క ఇళ్ళల్లో పసివాళ్ళు ఆ గుడ్డల మీద ఉన్నారు.”

ఏడుగురు. ఆ ఏడుగురు తల్లులకూ తన యంత్రం ఆకుపచ్చ దీపం చూపించి ధైర్యం చెప్పింది.  తన బిడ్డ చావు తెలియక జరిగింది. ఈ ఏడూ తెలిసి జరిగినవి.

“మినహాయింపు తీసెయ్యమంటారా?” అడిగింది ఘ్రాణి. “ఈ ఒక్క ఇంటికా, అన్ని ఇళ్ళకా? అన్ని ఇళ్ళకైతే కారణం రాయాలి. అది అందరికీ కనిపిస్తుంది.”

ఇహ బిడ్డనెత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో మనస్విని చూసుకోలేదు.

“అన్ని ఇళ్ళకీ,” అంది మనస్విని. కూతురి ముఖంలోకి చూస్తూనే మిగతాది చెప్పింది. “కారణం ఇది. రాసుకో. మనస్విని కొడుకు ఉయ్యాల వల్ల చనిపోలేదు. ఆ ఉయ్యాల కొన్న సుహాసిని తప్పేమీ లేదు. కన్నతల్లే ఉతకని చీరలో చుట్టింది. ఆ సంగతి బిడ్డ పోయిన నాలుగో రోజునే ఆమెకు తెలుసు. తెలిసే ఈ మినహాయింపు రాసింది.”

ఇహ బిడ్డ తల మీద చెయ్యి వేసి నిలబడింది.

“నాయనమ్మ నన్నెప్పుడూ ఎత్తుకునేది కాదు,” అంది. “చేతులు కట్టుకుని దూరంగా నిలబడి చూసేది. నేనంటే ఇష్టం లేదనుకునేదాన్ని. తన చేతులంటే తనకే భయమని నువ్వొక్క మాట చెప్పలేదేమమ్మా?”

 ఇహ వెనక్కి తిరిగి, బిడ్డతో పక్కగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. హాల్లో చుట్టాల మాటలు, గాజుల చప్పుడు వినిపిస్తున్నాయి. పదిన్నర దాటింది. ఎవరూ పిలవలేదు.

ఘ్రాణి మళ్ళీ మాట్లాడింది. “ఎర్రదీపాలు వెలిగాయి. జవాబులు వస్తున్నాయి.”

“గుడ్డలు తీసేస్తున్నారా?”

“పంతొమ్మిది మంది తీసేశారు. పన్నెండు మంది తియ్యలేదు. మినహాయింపు మళ్ళీ పెట్టమంటున్నారు. కారణం చదివాక కూడా అదే అడుగుతున్నారు. వాళ్ళలో ఒకావిడ మీతో మాట్లాడాలంటున్నారు. తల్లి పోయి నలభై రోజులైందట.”

“కలుపు.”

గదిలోకి ఒక పడుచు తల్లి గొంతు వచ్చింది. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. కోపంగా మొదలుపెట్టింది.

“మీ మిషను పాడైందండీ. మా అమ్మ చీర మీద ఎర్రదీపం చూపిస్తోంది. మా అమ్మ చీరలో ఏముంటుందండీ విషం? వేరేది మార్చి పంపండి.”

వెనకాల ఉయ్యాల గొలుసు కిరకిరలాడుతోంది.

“మిషను పాడవలేదమ్మా,” అంది మనస్విని. “ముందు బాబును ఆ చీర మీంచి ఎత్తుకో. ఎత్తుకున్నాక నన్ను ఎన్ని తిట్టాలో అన్నీ తిట్టు. నేను ఫోను పెట్టెయ్యను.”